ఒక్క పుస్తకంతో భాషని నిలబెట్టిన కోస్తా

కోస్తా అనగానే మనకి గుర్తొచ్చేది సముద్రం, తుఫాను హెచ్చరికలు, చేపల పులుసు. నేను చెప్పబోయే కోస్తా వేరు. ఈయన సముద్రానికి దూరంగా, కాకసస్ పర్వతాల మధ్య, నార్ అనే చిన్న కొండ ఊళ్లో పుట్టాడు. పూర్తి పేరు కోస్తా ఖెతగురోవ్. రష్యన్ కాగితాల్లో కాన్‌స్టాంటిన్ అని రాసేవాళ్లు. కానీ ఆయన జనం ఆయన్ని ఇప్పటికీ కోస్తా అనే పిలుస్తారు. మనం వేమనని వేమన అంటామే తప్ప ఇంటిపేరు అడగం కదా, అలాగన్నమాట.

ఆయన కవి, చిత్రకారుడు, పాత్రికేయుడు. బతికింది 46 ఏళ్లు. అందులో చాలా ఏళ్లు సొంత ప్రాంతానికి దూరంగానే గడిచాయి. రాసిన దాంట్లో ఎక్కువ భాగం రష్యన్‌లో ఉంది. తన భాషలో, అంటే ఒసేతీలో, బతికుండగా వచ్చిన కవితల పుస్తకం ఒక్కటే. ఆ ఒక్క పుస్తకంతోనే ఒసేతీ సాహిత్యం నిలబడిందని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. అదెలా సాధ్యమైందో తెలుసుకుందామనే నేను ఈయన గురించి చదవడం మొదలుపెట్టాను. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియంలో చదివి, ఇప్పుడు కష్టపడి తెలుగులో టైప్ చేస్తున్న నాకు ఈ ప్రశ్న కాస్త దగ్గరగానే అనిపించింది.

కొండల్లో మిగిలిన భాష

ముందు ఆ భాష సంగతి చెప్పాలి. అది తెలియకపోతే కోస్తా చేసిన పని ఎంత పెద్దదో అర్థం కాదు.

ఇరానియన్ భాషలు అనగానే పర్షియన్ గుర్తొస్తుంది. నిజానికి అది చాలా పెద్ద కుటుంబం. పర్షియన్, కుర్దిష్, బలోచీ ఒకవైపు. పష్తో, పామీర్ కొండల్లోని చిన్న భాషలు ఇంకోవైపు. ఈ రెండో దాన్ని తూర్పు శాఖ అంటారు. ఒసేతీ ఈ తూర్పు శాఖలోదే. తమాషా ఏంటంటే, మ్యాప్ తెరిచి చూస్తే ఒసేతియా టెహ్రాన్‌కి వాయవ్యంలో ఉంటుంది. తూర్పు శాఖ భాష అక్కడికెలా వెళ్లింది?

జవాబు పాత చరిత్రలో ఉంది. నల్ల సముద్రానికి ఉత్తరాన ఉన్న గడ్డి మైదానాల్లో ఒకప్పుడు సిథియన్లు, తర్వాత సర్మేషియన్లు, ఆ తర్వాత ఆలన్‌లు తిరిగేవారు. గుర్రాల మీద బతికిన జాతులు. వాళ్లు మాట్లాడినవి ఈ తూర్పు శాఖ భాషలే. ఒసేతీలో నీటిని, నదిని దోన్ అంటారు. రష్యాలోని దోన్ నది పేరు, ద్నీపర్, ద్నీస్టర్ పేర్లలో వినిపించే ఆ మొదటి శబ్దం ఈ కుటుంబం వదిలిపోయిన జాడలే. మనుషులు వెళ్లిపోయినా నదుల పేర్లు ఉండిపోయాయి.

13వ శతాబ్దంలో మంగోలులు వచ్చారు. 14వ శతాబ్దం చివర్లో తైమూర్ సైన్యం వచ్చింది. మైదానంలోని ఆలన్ రాజ్యం ముక్కలైపోయింది. మిగిలినవాళ్లు కాకసస్ లోయల్లోకి ఎక్కి దాక్కున్నారు. కొంతమంది హంగేరీ దాకా వెళ్లి స్థిరపడ్డారు. వాళ్లని యాస్‌లు అంటారు. 1422 నాటి ఒక కాగితం మీద వాళ్ల మాటల చిట్టా ఒకటి దొరికింది. ఆ భాష ఇప్పుడు లేదు, ఆ చిట్టా ఉంది.

కొండల్లో మిగిలిన ఒసేతీ చుట్టూ అన్నీ వేరే కుటుంబాల భాషలే. దక్షిణాన జార్జియన్, తూర్పున ఇంగుష్, పడమర కబర్దియన్, టర్కిక్ కుటుంబానికి చెందిన బాల్కార్. ఇప్పుడు బతికున్న వాటిలో ఒసేతీకి అందరికంటే దగ్గర బంధువు యాగ్నోబీ అంటారు. అది ఎక్కడుందో తెలుసా? కాస్పియన్ సముద్రం దాటి, మధ్య ఆసియా ఎడారులు దాటి, తజికిస్తాన్‌లోని ఒక లోయలో. ఒకప్పుడు సిల్క్ రోడ్ వ్యాపారుల భాషగా వెలిగిన సోగ్దియన్‌కి దగ్గరి వారసురాలు ఈ యాగ్నోబీ. ఒసేతీలో బహువచనానికి చివర ‘త’ శబ్దం చేరుతుంది, యాగ్నోబీలోనూ అంతే, సోగ్దియన్‌లోనూ ఉంది. అంత దూరంలో ఉన్న ఇద్దరు అక్కచెల్లెళ్ల ముఖంలో ఒకే పుట్టుమచ్చ ఉన్నట్టు. ఆ చెల్లెలి కథ కూడా బాధాకరమే. 1970లో సోవియట్ ప్రభుత్వం యాగ్నోబ్ లోయ జనాన్ని ఊళ్లు ఖాళీ చేయించి, పత్తి చేలున్న మైదానానికి తరలించింది.

మన సీఎస్ఈ భాషలో చెప్పాలంటే, ఒసేతీ మెయిన్ నుంచి ఎప్పుడో విడిపోయి, మళ్లీ ఎప్పుడూ మెర్జ్ కాని బ్రాంచ్. వందల ఏళ్లు ఒంటరిగా తన కమిట్లు తను వేసుకుంటూ వచ్చింది.

మనకి ఒక చుట్టరికం ఉంది

తెలుగు ద్రావిడ భాష కాబట్టి మనకీ ఒసేతీకీ రక్తసంబంధం ఏమీ లేదు. కానీ ఇరానియన్ భాషలు, సంస్కృతం ఒకే ఇండో-ఇరానియన్ తల్లి బిడ్డలు. సంస్కృతం నుంచి మనం తెచ్చుకున్న మాటల ద్వారా ఒసేతీని గుర్తుపట్టొచ్చు. ఐదుని వాళ్లు ఫొంద్జ్ అంటారు, మన పంచ. ఎనిమిదిని అస్త్ అంటారు, మన అష్ట. పది దాస్, మన దశ. పేరుని నోమ్ అంటారు, మన నామం. తండ్రిని ఫిద్ అంటారు, మన పితృ. పాత ‘ప’ అంతా వాళ్ల దగ్గర ‘ఫ’ అయిపోయింది. ఈ ఒక్క రూల్ పట్టుకుంటే చాలా మాటలు ముడి విప్పుకుంటాయి.

ఏడుని అవ్ద్ అంటారు. ఇది సప్తకి చుట్టం, పర్షియన్ హఫ్త్‌కి ఇంకా దగ్గర చుట్టం. వారాన్ని హఫ్తా అనడం హైదరాబాద్‌లో వినే ఉంటారు, సినిమాల్లో రౌడీలు హఫ్తా వసూలు చేయడం అందరం చూశాం. ఆ హఫ్తాలో ఉన్నది ఈ ఏడే. నాకు అన్నిటికంటే నచ్చింది తొమ్మిది. దాన్ని ఫరాస్త్ అంటారు, అర్థం ‘ఎనిమిది అవతలిది’ అని. నవ లాంటి పాత మాట ఎక్కడో పోయింది. వాళ్లు ఎనిమిది దగ్గర నిలబడి, దాని అవతల ఉన్నదానికి ఆ పేరే పెట్టేసుకున్నారు.

తల్లి లేని పిల్లవాడు

ఇలాంటి భాష ఇంట్లో వింటూ కోస్తా 1859 అక్టోబర్ 15న పుట్టాడు. తండ్రి లెవాన్ రష్యా సైన్యంలో చిన్న అధికారి. తల్లి మరియా బిడ్డ పుట్టిన కొద్ది కాలానికే చనిపోయింది. చెంద్జే అనే బంధువు ఆ పిల్లవాణ్ణి సాకింది. తర్వాత తండ్రి మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. సవతి తల్లితో పిల్లవాడికి పొసగలేదు. తల్లి లేని లోటు ఆయన్ని చివరిదాకా వదల్లేదని ఆయన కవితలు చదివిన ఎవరికైనా అర్థమవుతుంది.

నార్ లోయలో సాగుకి నేల తక్కువ. 1870లో లెవాన్ భూమి లేని కొండ కుటుంబాలను వెంటబెట్టుకుని కుబాన్ ప్రాంతానికి వెళ్లి కొత్త ఊరు కట్టాడు. అప్పుడు కోస్తా వ్లాదికవ్‌కాజ్‌లో బడి పిల్లవాడు. నాన్నమీద బెంగతో బడి వదిలేసి, ఆ కొత్త ఊరు వెతుక్కుంటూ వెళ్లిపోయాడు. హాస్టల్లో మొదటి నెల గడిపిన ఎవరికైనా ఈ పిల్లవాడి బాధ తెలుస్తుంది.

1871 నుంచి 1881 దాకా స్తావ్రొపోల్ పట్టణంలోని జిమ్నాజియంలో చదివాడు. కొండ జాతుల పిల్లల కోసం అక్కడ ప్రత్యేకంగా వసతి ఉండేది. పాఠాలు రష్యన్‌లో, పరీక్షలు రష్యన్‌లో, స్నేహితులతో కబుర్లు కూడా రష్యన్‌లోనే. బొమ్మలు బాగా గీస్తున్నాడని డ్రాయింగ్ మాస్టారు వసీలీ స్మిర్నోవ్ గమనించి ప్రోత్సహించాడు.

1881లో పీటర్స్‌బర్గ్‌లోని ఆర్ట్స్ అకాడమీలో సీటొచ్చింది. నార్ లాంటి ఊరి నుంచి అక్కడికి వెళ్లడం అంటే మామూలు విషయం కాదు. తర్వాత రోజుల్లో రష్యన్ చిత్రకళలో పెద్ద పేర్లయిన వ్రూబెల్, సెరోవ్ అదే కాలంలో అక్కడ చదువుతున్నారు. కానీ మధ్యలోనే స్కాలర్‌షిప్ ఆగిపోయింది. కొన్నాళ్లు ఎలాగో నెట్టుకొచ్చి, 1885లో డిగ్రీ లేకుండానే వ్లాదికవ్‌కాజ్ తిరిగొచ్చేశాడు.

అక్కడ బతకడానికి పోర్ట్రెయిట్లు వేశాడు, చర్చి పటాలు వేశాడు, నాటకాలకి తెరలు రాశాడు. ఆయన బొమ్మల్లో ఒకటి రోడ్డు కోసం రాళ్లు కొడుతున్న పిల్లలది. కొండ దారి పక్కన కూర్చుని సుత్తి పట్టుకున్న చిన్న పిల్లలు. అకాడమీలో నేర్చుకున్న విద్యని ఆయన ఎవరి మీద ఖర్చుపెట్టాడో ఆ బొమ్మ చూస్తే తెలుస్తుంది.

ఆడపిల్లల బడి కోసం

వ్లాదికవ్‌కాజ్‌లో ఒసేతీ ఆడపిల్లల కోసం ఒకే ఒక్క బడి ఉండేది. 1891లో దాన్ని మూసేయాలని నిర్ణయం జరిగింది. కోస్తా, ఇంకొందరు కలిసి అభ్యంతరం చెబుతూ పైకి అర్జీ పంపారు. ఆయుధం లేదు, ఊరేగింపు లేదు. ఉన్నది ఒక కాగితం, కొన్ని సంతకాలు. దానికి శిక్షగా కోస్తాని తెరెక్ ప్రాంతం నుంచే వెళ్లగొట్టారు. అంటే పుట్టిన ఊరు, బంధువులు, తన భాష మాట్లాడే జనం ఉన్న నేల మీద కాలు పెట్టకూడదు.

తండ్రి కట్టిన ఊరికి వెళ్లి కొన్నాళ్లున్నాడు. మనసుపడిన అన్నా త్సాలికోవా ఈయన్ని పెళ్లి చేసుకోవడానికి ఒప్పుకోలేదు. 1893లో మళ్లీ స్తావ్రొపోల్ చేరి, ‘సెవెర్నీ కవ్‌కాజ్’ అనే రష్యన్ పత్రికలో పనికి కుదిరాడు. అక్కడ రాసిన వ్యాసాల్లో కొండ జనం మీద పడుతున్న పన్నులు, జరిమానాలు, అధికారుల జులుం, బడులు లేకపోవడం గురించి సూటిగా రాశాడు. 1894లో ‘ఒసోబా’ పేరుతో ఒసేతీల ఆచారాలు, జీవన విధానం మీద పెద్ద వ్యాసం అచ్చయింది. 1895లో రష్యన్ కవితల సంపుటి వచ్చింది.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. కోస్తా రష్యన్‌ని శత్రువుగా చూడలేదు. 1889లో ప్యతిగోర్‌స్క్‌లో లెర్మొంతొవ్ విగ్రహం ఆవిష్కరిస్తే, ఒసేతీల తరఫున వెళ్లి ఆ కవికి కవితతో నమస్కరించింది ఈయనే. అధికారుల్ని నిలదీయాలంటే అధికారుల భాష కావాలి. దేశమంతా వినాలంటే దేశమంతా చదివే భాష కావాలి. ఆ పనికి రష్యన్‌ని బాగా వాడుకున్నాడు. కానీ నార్‌లో తనని పెంచిన చెంద్జేకి ఏదైనా చెప్పాలంటే? ఆమె లాంటి వేలమందికి రష్యన్ పత్రికతో పని లేదు. వాళ్ల కోసం ఒసేతీలో రాశాడు. ఎవరితో మాట్లాడుతున్నామన్నదే ఏ భాష అన్నది తేలుస్తుంది. తెలుగా ఇంగ్లిషా అని మన క్యాంటీన్లో జరిగే వాదనల్లో ఈ సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు.

ఇరోన్ ఫాందిర్

ఒసేతీకి అప్పటికి లిపి లేకపోలేదు. 1798లోనే ఒక మతబోధ పుస్తకం అచ్చయింది. 1844లో ఆంద్రియాస్ షోగ్రెన్ అనే పండితుడు రష్యన్ అక్షరాల ఆధారంగా వర్ణమాల కట్టి వ్యాకరణం వేశాడు. 1880లలో వ్సెవొలోద్ మిల్లెర్ అనే ప్రొఫెసర్ ఈ భాష ఇరానియన్ మూలాల మీద మూడు భాగాల గ్రంథం రాశాడు. 1888లో జెలెన్‌చుక్ నది దగ్గర గ్రీకు అక్షరాల్లో చెక్కిన పాత ఆలన్ సమాధిరాయి బయటపడింది. అంటే పండితులకి ఆ భాష మీద ఆసక్తి చాలానే ఉంది. వాళ్ల దృష్టిలో అది అపురూపమైన పాత వస్తువు. మ్యూజియంలో అద్దం వెనక పెట్టే కత్తి లాంటిది. ఆ కత్తితో ఇవాళ కూర తరగొచ్చని చూపించినవాడు కోస్తా.

ఏళ్ల తరబడి రాసుకున్న ఒసేతీ కవితలన్నీ కలిపి 1899లో వ్లాదికవ్‌కాజ్‌లో పుస్తకంగా వచ్చాయి. పేరు ‘ఇరోన్ ఫాందిర్’. ఇరోన్ అంటే ఒసేతీ. ఫాందిర్ అంటే మన వీణలాగా చేతపట్టి మీటే తీగ వాయిద్యం. అచ్చు పనులు చూసింది స్నేహితుడు గప్పో బాయెవ్. సెన్సార్ కొన్ని కవితల్ని ఆపేసింది. తనకి చెప్పకుండా కొన్నిచోట్ల మార్పులు చేశారని కోస్తా చాలా నొచ్చుకున్నాడు. జీవితం మొత్తంలో తన భాషలో వచ్చిన ఒకే ఒక్క పుస్తకం, అది కూడా తను అనుకున్నట్టు రాలేదు.

అయినా ఆ పుస్తకంలో ఏముందో చూడండి. మొదటి కవితలోనే, తన పాట ఏడుపులా వినిపిస్తే మన్నించమని అడుగుతాడు. జనానికి తనో బాకీ ఉన్నానని, అది తీరితే ఇంకోలా పాడేవాణ్ణని చెప్పుకుంటాడు. పిల్లల కోసం విడిగా కవితలున్నాయి. నీతికథలున్నాయి. ‘అనాథల తల్లి’ అనే కవిత ఒకటుంది. మంచు రాత్రి, ఇంట్లో గింజ లేదు. ఆకలితో ఏడుస్తున్న పిల్లలకి చిక్కుళ్లు ఉడుకుతున్నాయని చెప్పి తల్లి పొయ్యి దగ్గర కూర్చుంటుంది. ఎదురుచూసి ఎదురుచూసి పిల్లలు నిద్రపోతారు. కుండలో ఉడుకుతున్నవి రాళ్లు. ఈ కథ ఏ దేశంలో ఎవరికి చెప్పినా అర్థమవుతుంది. కానీ పొయ్యి దగ్గర కూర్చున్న ఆ తల్లి ఏ భాషలో పిల్లల్ని జోకొట్టిందో, ఆ భాషలోనే రాశాడు కాబట్టి అది ఒసేతీ ఇళ్లల్లోకి వెళ్లిపోయింది.

చదవడం రానివాళ్లు కూడా ఆ కవితలు నేర్చుకున్నారు. కొన్ని అచ్చు కాకముందే చేతిరాత ప్రతుల్లో తిరిగాయి, కొన్ని పాటలైపోయాయి. ఎవరు రాశారో తెలియకుండానే పాడుకునేంతగా కలిసిపోయాయి. కవికి ఇంతకంటే ఏం కావాలి!

చివరి ఏళ్లు

పుస్తకం వచ్చిన ఆ 1899లోనే మళ్లీ బహిష్కరణ. ఈసారి నల్ల సముద్రం వైపున్న ఖెర్సోన్‌కి. అప్పటికే ఒంట్లో బాగాలేదు. ఎముకల క్షయ తుంటిని తినేస్తోంది. 1897లో పీటర్స్‌బర్గ్‌లో ఆపరేషన్ చేయించుకుని నెలల తరబడి మంచం మీదే ఉన్నాడు. 1900లో అక్కడి నుంచి బయటపడ్డాడు. 1902లో వ్లాదికవ్‌కాజ్ చేరుకున్నాడు. పిల్లలకి బొమ్మలు నేర్పే బడి పెట్టాలని ఆశపడ్డాడు. 1903 నుంచి ఆరోగ్యం పూర్తిగా దెబ్బతింది. చేతిలో డబ్బు లేదు. చివరికి అక్క ఓల్గా తనతో తీసుకెళ్లి, తండ్రి కట్టిన ఊళ్లోనే చూసుకుంది. 1906 ఏప్రిల్ 1న అక్కడే చనిపోయాడు. తర్వాత ఆయన్ని వ్లాదికవ్‌కాజ్ తీసుకొచ్చి, ఒసేతీ చర్చి ఆవరణలో పెట్టారు. బతికుండగా రెండుసార్లు వెళ్లగొట్టిన చోటికే వేలమంది మధ్య తిరిగొచ్చాడు.

అదే ఏడాది జులైలో మొట్టమొదటి ఒసేతీ వార్తాపత్రిక ‘ఇరోన్ గజెత్’ మొదలైంది. బతికినన్నాళ్లూ రష్యన్ పత్రికల్లోనే రాసిన ఆ పాత్రికేయుడు దాన్ని చూడలేదు.

ఆ తర్వాత ఆ భాష చాలా అవస్థలు పడింది. 1923లో లాటిన్ లిపి తెచ్చారు. 1938లో ఉత్తరాన మళ్లీ రష్యన్ లిపి, దక్షిణాన జార్జియన్ లిపి అన్నారు. 1954లో దక్షిణాన కూడా రష్యన్ లిపికే వచ్చారు. ముప్పై ఏళ్లలో ఇన్నిసార్లు అక్షరాలు మారితే, తాత రాసిన ఉత్తరం మనవడు చదవలేడు. ఇంత గందరగోళంలోనూ అందరికీ ఉమ్మడిగా మిగిలింది కోస్తా పద్యం. ఏ లిపిలోకి మార్చినా నోట్లో అదే మాట.

ఇవాళ వ్లాదికవ్‌కాజ్‌లోని విశ్వవిద్యాలయానికి ఆయన పేరే. తండ్రి కట్టిన ఊరికీ ఆయన పేరే. నార్‌లో మ్యూజియం ఉంది. అయినా యునెస్కో జాబితాలో ఒసేతీ ప్రమాదం అంచున ఉన్న భాషల్లో ఒకటి. సుమారు ఐదు లక్షలమంది మాట్లాడే భాష. నగరాల్లో పిల్లలు రష్యన్‌లో చదువుకుని రష్యన్‌లోనే ఆడుకుంటున్నారు. విగ్రహాలు కడితే భాష బతకదు అని దీన్నిబట్టి తెలుస్తూనే ఉంది.

మన తెలుగుకి కోట్లమంది ఉన్నారు కదా, మనకేం భయం అనుకోవచ్చు. నిజమే, లెక్కల్లో మనం చాలా భద్రంగా ఉన్నాం. కానీ కోస్తా కథ లెక్కల గురించి కాదు. పదేళ్లు వేరే భాషలో చదివి, ఆ భాషలో పేరు తెచ్చుకుని, ఆ భాషలోనే ఉద్యోగం చేసిన మనిషి, తనని పెంచిన ఆవిడకి అర్థమయ్యేలా ఒక పుస్తకం రాశాడు. మనలో ఎవరైనా ప్లేస్‌మెంట్ రెజ్యూమె ఇంగ్లిష్‌లోనే రాసుకోవాలి, అందులో తప్పేం లేదు. అమ్మమ్మకి మాత్రం మనం చేసే పని ఏంటో తెలుగులో చెప్పగలగాలి. క్లౌడ్ అన్నా, డేటాబేస్ అన్నా ఆవిడ తల ఊపేలా చెప్పగలగాలి. కోస్తా తన కాలంలో తీర్చాలనుకున్న బాకీ ఇలాంటిదే. మన వంతు బాకీ ఇంకా ఉంది.